పంచలోహాల తుప్పు, ఎన్ని రికార్డులో!

చిలకలూరిపేట, గణపవరం వైపు నూలు మిల్లుల్లో పనిచేసేవాళ్లకు ఊస్టర్ పేరు కొత్త కాదు. దారం ఎక్కడ లావుగా ఉందో, ఎక్కడ సన్నబడిందో చెప్పే పరికరం అది. స్విట్జర్లాండ్‌లోని ఊస్టర్ పట్టణంలో తయారై 1948లో బయటికొచ్చింది. ఊరి పేరే పరికరానికీ స్థిరపడిపోయింది. విప్పి చూస్తే లోపల ఉండేది ఎదురెదురుగా రెండు లోహపు పలకలు, వాటి మధ్య సన్నటి సందు. ఆ సందులోంచి దారం పరుగెడుతుంది. దారం లావైన చోట పలకల మీద నిలిచే విద్యుదావేశం రవ్వంత పెరుగుతుంది, సన్నబడిన చోట తగ్గుతుంది. ఆ హెచ్చుతగ్గులే గీతగా పడతాయి. పేటలో ఏళ్ల తరబడి, షిఫ్టు షిఫ్టుకీ జరుగుతున్నది డైఎలెక్ట్రిక్ కొలతేనని చాలామందికి తట్టి ఉండదు.

డైఎలెక్ట్రిక్ అంటే విద్యుత్తును తన గుండా పోనివ్వదు, కానీ పలకల మధ్య పెడితే వాటి మీద ఆవేశం ఎక్కువగా నిలిచేట్టు చేస్తుంది. ఎన్ని రెట్లు ఎక్కువ నిలిపితే అదే దాని స్థిరాంకం. శూన్యానికి 1. గాలికి 1 మీద ఇంకో పిసరు. కెపాసిటర్లలో చుట్టే పాలీప్రొపిలీన్ పొరకు 2.2. మామూలు వేడిలో ఉన్న నీళ్లకు ఏకంగా 80. అందుకే దారం తేమ పీల్చుకుంటే ఊస్టర్ చెప్పే అంకె మారిపోతుంది, పరీక్ష గదిలో గాలి తేమనూ వేడినీ అదుపులో పెట్టేది ఇందుకే. పత్తి కొనుగోలు కేంద్రంలో కూడా అంతే కదా: తేమ 8 శాతం ఉంటే పూర్తి మద్దతు ధర, 12 దాటితే బండి వెనక్కి. ఏ అంకె చెప్పినా ‘ఏ తేమలో?’ అని అడగడం ఈ ప్రాంతంలో పుట్టుకతో వచ్చిన అలవాటు. ఇక్కడ చెప్పబోయే వింతలకు ఆ అలవాటు బాగా పనికొస్తుంది. ఎందుకంటే ఐదారు లోహాలను ఒకే ఆక్సైడ్‌గా కలిపి, వెంట్రుక కంటే వందల రెట్లు పల్చటి పొరలుగా పోసి, శాస్త్రవేత్తలు పదేళ్లుగా రికార్డుల మీద రికార్డులు చెబుతున్నారు. వాటిలో కొన్ని నిజంగా నోరు తెరిపించేవి. కొన్ని, ఎలా కొలిచారో అడిగాక చిన్నబోయేవి.

మొట్టమొదటి మిశ్రమం

2015లో అమెరికాలోని నార్త్ కరోలినా స్టేట్ యూనివర్సిటీలో క్రిస్టినా రోస్ట్, జాన్‌పాల్ మరియా, వాళ్ల సహచరులు ఐదు ఆక్సైడ్లను సమపాళ్లలో నూరి కాల్చారు. మెగ్నీషియం, కోబాల్ట్, నికెల్, రాగి, జింకు. మొదటి మూడింటి ఆక్సైడ్లు విడివిడిగా ఉన్నా ఉప్పు స్ఫటికం అమరికలోనే ఉంటాయి. రాగిదీ జింకుదీ వేరే అమరికలు, వాటంతట అవి ఈ గూట్లోకి రావు. 750 డిగ్రీల సెల్సియస్ దగ్గర కాల్చి చూస్తే అన్నీ ఒక్కటి కాలేదు, ఒకటికి మించిన స్ఫటికాలు విడిగా కనిపించాయి. 900 దగ్గర అన్నీ కలిసి ఒకే స్ఫటికమైపోయాయి. మళ్లీ 750కి దించి ఉంచితే విడిపోయాయి, మళ్లీ పైకి తీసుకెళ్తే కలిశాయి.

ఈ రాకపోకల్లోనే ఉంది అసలు సంగతి. ఐదు లోహాలు కలవడానికి కారణం వాటి మధ్య ప్రత్యేకమైన ప్రీతి కాదు. కలిసిన స్థితిలో ఎవరు ఏ గడిలో కూర్చోవాలన్నదానికి లెక్కలేనన్ని దారులున్నాయి, విడిపోయిన స్థితిలో ఆ దారులు లేవు. ఆ దారుల లెక్కకే భౌతికశాస్త్రం ఎంట్రోపీ అని పేరు పెట్టింది. వేడి పెరిగేకొద్దీ ఎంట్రోపీ మాట చెల్లుబాటవుతుంది. మన మిల్లు మిక్సింగులో పది జిన్నింగుల నుంచి వచ్చిన బేళ్లు పరిచి, బ్లోరూంలో పొరపొరగా చిలికాక ఏ పోగు ఏ బేలుదో చెప్పగలవాళ్లుండరు. ఈ స్ఫటికంలో లోహపు గడుల సంగతీ అంతే. ఆక్సిజన్ గడులు మాత్రం ఎక్కడివక్కడే, చెక్కుచెదరవు. వేడిగా ఉండగానే గబుక్కున చల్లారిస్తే ఆ కలయిక అలాగే బిగుసుకుపోతుంది, విడిపోయే వ్యవధి దానికి దొరకదు.

లెక్క కావాలన్నవాళ్లకు: ఐదు లోహాలు సమంగా కలిస్తే ఒక మోల్ లోహానికి, ప్రతి కెల్విన్‌కు వచ్చే ఎంట్రోపీ సుమారు 13.4 జౌళ్లు. రెండే లోహాలైతే 5.8. ఐదు దాటాక ఆరు, ఏడు, ఎనిమిది అని పెంచుకుంటూ పోయినా లాభం నెమ్మదిస్తుంది. అయినా పెంచినవాళ్లు ఉన్నారు. జర్మనీలోని కార్ల్స్‌రూ పరిశోధకులు ఐదు అరుదైన మృత్తిక లోహాలు, ఐదు మామూలు లోహాలు, మొత్తం పదింటిని ఒకే పెరోవ్‌స్కైట్ స్ఫటికంలో కూర్చోబెట్టి 2018లో ప్రచురించారు. అభిషేక్ సర్కార్, హోర్స్ట్ హాన్ తదితరుల పని అది. పది రకాల లోహాలున్నా ఎక్స్‌రే కింద ఒకే స్ఫటికంగా కనిపిస్తుంది.

తుప్పుకు ముందు లోహం

ఈ కథ ఆక్సైడ్లతో మొదలుకాలేదు. 2004లో తైవాన్‌లో జియెన్‌వే యే, ఇంగ్లండ్‌లో బ్రయన్ కాంటర్ ఎవరికి వారుగా ఐదేసి లోహాలను సమపాళ్లలో కలిపిన మిశ్రమ లోహాల మీద పత్రాలు వెలువరించారు. అంతకు ఏడాది ముందే, 2003లో, బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థకు చెందిన శ్రీనివాస రంగనాథన్ ‘కరెంట్ సైన్స్’ పత్రికలో ఈ బహులోహ మిశ్రమాల గురించి రాశారు. ఈ రంగం మీద ఆ ముగ్గురిలో ఇద్దరితో, అంటే యే, రంగనాథన్‌లతో కలిసి పుస్తకం రాసిన మూడో రచయిత బుడరాజు శ్రీనివాసమూర్తి. 2014లో వచ్చిన ఆ ‘హై ఎంట్రోపీ అల్లాయ్స్’ ఈ విషయం మీద మొట్టమొదటి పుస్తకం. మూర్తిగారికి 2007లో భట్నాగర్ పురస్కారం వచ్చింది, 2019లో ఐఐటీ హైదరాబాద్ డైరెక్టరయ్యారు. కంది గ్రామం పొలాల మధ్య లేచిన ఆ విద్యాసంస్థకు ఈ రంగంలో ఇంత పేరు రావడానికి ఆ పుస్తకం ఒక కారణమని నా అభిప్రాయం.

ఈ కుటుంబం పేరు మీదున్న గొప్ప రికార్డు కూడా లోహానిదే. 2022లో అమెరికా ప్రయోగశాలల బృందం క్రోమియం, కోబాల్ట్, నికెల్ మిశ్రమాన్ని మైనస్ 253 డిగ్రీల చలిలో పగలగొట్టబోయింది. పగులుకు అది ఎదురు నిలిచిన తీరుకు 459 అంకె వచ్చింది (మెగాపాస్కల్, మీటరు వర్గమూలం లెక్కలో). అప్పటిదాకా అంత మొండి పదార్థాన్ని ఎవరూ కొలవలేదు. మామూలుగా చలిలో లోహాలు పెళుసెక్కుతాయి, ఇది చలి పెరిగేకొద్దీ మరింత మొండికేసింది. ఒక్క చిక్కేమిటంటే, ఐదు లోహాల పేరుతో వచ్చిన రంగంలో రికార్డు కొట్టింది మూడు లోహాల మిశ్రమం. ఐదు లోహాలున్న అన్నగారు అదే పరీక్షలో చాలా వెనకబడ్డాడు.

లేజర్ కొలిమి

ఆక్సైడ్ పొరలు పోసే పద్ధతి చూడముచ్చటైనది. ఐదు ఆక్సైడ్లూ కలిపి కాల్చిన బిళ్లను శూన్యపు పాత్రలో పెట్టి, దాని మీద అతినీలలోహిత లేజర్‌ను క్షణంలో కోట్లవంతు సేపు కొడతారు. బిళ్ల పైపొర ఆవిరై, నీలం ఊదా వన్నెల జ్వాలలా లేచి, ఎదురుగా వేడిగా ఉంచిన స్ఫటికపు పలక మీద వాలుతుంది. ఒక్కో దెబ్బకు పడేది పరమాణువు మందంలో కొంత భాగమే. వేల దెబ్బలు కలిస్తేగానీ పొర లేదు. 1965లోనే రూబీ లేజర్‌తో ఈ ప్రయత్నం జరిగినా, పద్ధతికి పేరు తెచ్చింది 1987లో అమెరికాలోని బెల్‌కోర్ ప్రయోగశాల. అతివాహకాల పొరలు పోసిన ఆ బృందంలో మన దక్షిణాదికి చెందిన తిరుమలై వెంకటేశన్ ముఖ్యుడు.

పంచలోహ ఆక్సైడ్లకు ఈ కొలిమి బాగా అచ్చొచ్చింది. జ్వాలలో అన్ని లోహాలూ ఎలాగూ కలిసే ఉంటాయి, పలక మీద పడీ పడగానే చల్లారిపోతాయి. విడిపోయే సందే ఉండదు. పొయ్యిలో కలవని లోహాలను కూడా పొరలో కలపగలుగుతున్నది ఇందుకే. 2018లో ఓక్ రిడ్జ్ జాతీయ ప్రయోగశాలలో యోగేశ్ శర్మ, జాక్ వార్డ్ బృందం బేరియం తోడుగా జిర్కోనియం, తగరం, టైటానియం, హాఫ్నియం, నియోబియం ఐదింటినీ కలిపి, ఎక్కడా అతుకు లేని ఏకస్ఫటిక పొర పోసింది. ఆ లోహాల జాబితా గుర్తుపెట్టుకోండి, మళ్లీ దాని అవసరం పడుతుంది.

భూగోళం ఎన్ని ఫ్యాన్ కెపాసిటర్లు?

రికార్డుల అంకెల్లోకి దిగే ముందు చిన్న సరదా లెక్క. మన సీలింగ్ ఫ్యాన్‌లో ఉండే తెల్ల డబ్బా కెపాసిటర్ విలువ సాధారణంగా 2.5 మైక్రోఫారడ్లు. అంత పెద్ద భూగోళాన్ని ఒంటరి లోహపు బంతి అనుకుని లెక్కేస్తే దాని కెపాసిటెన్స్ దాదాపు 710 మైక్రోఫారడ్లు. అంటే భూమి మొత్తం కలిపి 284 ఫ్యాన్ కెపాసిటర్లు. పేటలో ఒక ఎలక్ట్రికల్ షాపు గూట్లో అంతకంటే ఎక్కువే ఉండొచ్చు. పొలం మోటార్లకు బిగించే కెపాసిటర్లు ఇంకా పెద్దవి, ఉచిత విద్యుత్తు వచ్చిన కొత్తలో అవి బిగించాలన్న షరతు రైతులకు గుర్తుండే ఉంటుంది. ఫ్యాన్‌లోని అంత చిన్న డబ్బాకు అంత కెపాసిటెన్స్ ఎలా వచ్చిందంటే, రెండు పలకలనూ మైక్రాన్ల దూరంలోకి తెచ్చి మధ్యలో డైఎలెక్ట్రిక్ నింపడం వల్లనే. పొర ఎంత పల్చనైతే అంత లాభం. పల్చటి పొరల వెంట ప్రపంచం పడుతున్నది చాలావరకు ఈ కారణానికే.

కెపాసిటర్ల మొదటి వింత 1746 నాటిది. ఫ్రెంచి ఫాదర్ నోలే, రాజుగారి ముందు 180 మంది సైనికులను చేతులు పట్టుకుని నిలబెట్టి, ఆవేశం నింపిన గాజు జాడీని తాకించాడు. అందరూ ఒకేసారి ఎగిరిపడ్డారట. గాజే అక్కడ డైఎలెక్ట్రిక్. ఇటు చివర 2024లో జపాన్‌లోని మురాటా కంపెనీ 0.16 మిల్లీమీటర్ల పొడవు, 0.08 వెడల్పు ఉన్న బహుపొరల కెపాసిటర్‌ను ప్రకటించింది, ప్రపంచంలో అతి చిన్నది అదేనంది. చిటికెడు తీసుకుంటే ఎన్ని వస్తాయో చెప్పడం కష్టం.

182 జౌళ్ల పొర

ఇప్పుడు అసలు పందెం. కెపాసిటర్ పొరలో ఘన సెంటీమీటరుకు ఎంత శక్తి దాచగలం? మార్కెట్లో దొరికే పాలీప్రొపిలీన్ పొర చిల్లు పడేదాకా వోల్టేజీ పెంచినా 5 జౌళ్ల దగ్గర ఆగిపోతుంది. 2022లో బీజింగ్‌లోని చింగ్‌హువా విశ్వవిద్యాలయానికి చెందిన లిన్ యువాన్‌హువా బృందం ‘నేచర్ మెటీరియల్స్’లో 182 జౌళ్ల పొరను ప్రకటించింది. బిస్మత్, టైటానియం ఆక్సైడ్‌లోకి లాంథనం, జిర్కోనియం, హాఫ్నియం, తగరం చొప్పించి ఎంట్రోపీని పెంచుకుంటూ పోయారు. పెట్టిన శక్తిలో 78 శాతం తిరిగి వచ్చింది.

లోహాలు కలగాపులగమైతే శక్తి ఎందుకు పెరగాలి? స్ఫటికంలో ప్రతి గడి పొరుగు గడికంటే కాస్త వేరుగా ఉండటంతో విద్యుత్ ధ్రువాలు పెద్ద పెద్ద గుంపులుగా కూడలేవు, చిన్న చిన్న జట్లుగా చీలిపోతాయి. పెద్ద గుంపును తిప్పాలంటే శక్తి వృథా, వెనక్కి రమ్మంటే మొరాయిస్తుంది. చిన్న జట్లు చెప్పగానే తిరుగుతాయి, వదలగానే వెనక్కి వస్తాయి. పైగా స్ఫటికపు రేణువులు సన్నబడి, కరెంటు జొరబడే దారులు తగ్గాయి. అందువల్లనే మైక్రాన్‌కు 635 వోల్టులు పెట్టినా పొర చిల్లులు పడలేదు.

ఇక్కడ మన తేమ ప్రశ్న వేద్దాం. 182 జౌళ్లు ఘన సెంటీమీటరుకు. కానీ ఘన సెంటీమీటరు పొరను ఎవరూ పోయలేదు. పొర అర మైక్రాన్ మందం, చదరపు సెంటీమీటరు వైశాల్యం అనుకుంటే అందులో పట్టేది 9 మిల్లీజౌళ్లు. 100 గ్రాముల బరువును సెంటీమీటరు లోపు ఎత్తడానికి సరిపోతుంది. ఇంకో పక్క పెట్రోలు ఘన సెంటీమీటరులో దాదాపు 34 వేల జౌళ్లుంటాయి. లిథియం బ్యాటరీలో వెయ్యికి అటూ ఇటూ మొదలుకొని రెండు వేల పైచిలుకు దాకా. కాబట్టి ఈ పొరతో స్కూటరు నడుస్తుందని ఎవరైనా రాస్తే నమ్మకండి. దీని గొప్ప వేగంలో ఉంది, దాచినదాన్ని సెకనులో అతి స్వల్ప భాగంలో ఒక్కసారిగా కుమ్మరించగలదు. ఏ బ్యాటరీ వల్లా ఆ పని కాదు. రికార్డు నిజమైనదే, ఏ పనికో చెప్పి మెచ్చుకోవాలి.

లక్షల స్థిరాంకం, అరటితొక్క

2016లో ఫ్రాన్స్‌లోని ఓర్సేలో డేవిడ్ బెరార్దాన్ బృందం ఈ పంచలోహ ఆక్సైడ్లలో ‘బ్రహ్మాండమైన’ డైఎలెక్ట్రిక్ స్థిరాంకాలు చూశామని ప్రకటించింది. లిథియం కలిపితే అంకె మరీ పెరిగింది. అయితే ఆ పెద్ద అంకె వేడిలో, అదీ నెమ్మదిగా ఊగే విద్యుత్తులో వచ్చేది. ఊపు వేగం పెంచితే పడిపోతుంది. లిథియం అయాన్లు ఆ స్ఫటికంలో చురుగ్గా పరుగెడతాయని కూడా వాళ్లే కనుక్కున్నారు. కదిలే ఆవేశాలున్న చోట స్థిరాంకం తరచూ అసలు కంటే పెద్దదిగా కనబడుతుంది.

ఇలాంటి అనుభవం అప్పటికే ఒకటుంది. 2000లో డ్యూపాంట్ కంపెనీలో చెన్నైవాడైన మాస్ సుబ్రమణియన్ బృందం కాల్షియం, రాగి, టైటానియం ఆక్సైడ్‌కు పది వేల స్థాయి స్థిరాంకం ఉందని చెప్పింది. లోకమంతా ఎగబడింది. రెండేళ్లకే బ్రిటన్‌లో డెరెక్ సింక్లెయిర్ బృందం తేల్చింది ఏమంటే, రేణువుల లోపల విద్యుత్తు పారుతుంది, రేణువుల మధ్య సన్నటి సరిహద్దులే దాన్ని అడ్డుకుంటున్నాయి. లోపలే వేల చిన్న కెపాసిటర్లు ఏర్పడి అంకెను పెంచి చూపించాయి. పదార్థానికి సొంతమైన గుణం తక్కువే. (అదే సుబ్రమణియన్ 2009లో అనుకోకుండా ఓ కొత్త నీలిరంగును కనుక్కొని మరోసారి వార్తల్లోకెక్కాడు. ఆ నీలం చక్కగా ఉంటుంది, దాని మీద ఎవరికీ ఆక్షేపణ లేదు.)

అన్నిటికంటే ముచ్చటైనది 2008 నాటి అరటితొక్క. ఫెర్రోఎలెక్ట్రిక్ పదార్థాల్లో (వోల్టేజీ తీసేసినా లోపలి ధ్రువాలు తిరిగిన వైపే నిలిచే పదార్థాలు) దిగ్గజమైన జేమ్స్ స్కాట్‌కు, నకిలీ కొలతలతో వచ్చే పత్రాలు చదివీ చదివీ విసుగొచ్చింది. అరటితొక్కకు రెండు వైపులా తీగలు పెట్టి, వోల్టేజీ మారుస్తూ కొలిచాడు. పేరున్న ఫెర్రోఎలెక్ట్రిక్ పదార్థానికి వచ్చే ఉంగరంలాంటి గీత ముద్దుగా వచ్చింది. అరటితొక్క ఫెర్రోఎలెక్ట్రిక్ కానే కాదు, కరెంటు కారుతోందంతే. కానీ గీతను మాత్రమే చూసేవాడికి ఆ తేడా తెలియదు. ఆ పత్రం భౌతికశాస్త్ర పత్రికలో అచ్చయింది. కొత్త పొర పోసి గీతలు గీసే ప్రతి పరిశోధక విద్యార్థీ ముందు ఓ చక్కెరకేళి కొని తొక్క కొలవాలని నియమం పెడితే బాగుండు.

నలభై శాతం మంది మౌనంగా ఉన్నా

అయస్కాంతం కథ వేరు, నాకు ఇదే ఎక్కువ ఇష్టం. 2015 నాటి ఐదు లోహాల్లో కోబాల్ట్, నికెల్, రాగి పరమాణువులకు మాత్రమే అయస్కాంత గుణం. మెగ్నీషియం, జింకులకు లేదు. అంటే గడుల్లో 40 శాతం ఖాళీతో సమానం. మిగిలిన 60 శాతమైనా వరసలో లేదు, ఎవరి పక్కన ఎవరున్నారో తెలియదు. ఇలాంటి చోట అయస్కాంత క్రమం ఏర్పడుతుందని పందెం కాసేవాళ్లు తక్కువ. 2019లో ఓక్ రిడ్జ్‌లో న్యూట్రాన్లు ప్రయోగించి చూస్తే క్రమం ఉంది! 113 కెల్విన్ల ప్రాంతంలో, అంటే మైనస్ 160 డిగ్రీల దగ్గర, స్ఫటికం ఈ చివరి నుంచి ఆ చివరి దాకా పరమాణువుల అయస్కాంతాలు ఒక వరస ఇటు, ఒక వరస అటు తిరిగి కూర్చున్నాయి. ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి కనుక బయటికి అయస్కాంతం కనబడదు. ఇలాంటి వాటిని ఊహించిన లూయీ నీల్‌కు 1970లో నోబెల్ వచ్చింది.

సొంతంగా ఉన్నప్పుడు నికెల్ ఆక్సైడ్ ఇదే క్రమాన్ని 250 డిగ్రీల సెల్సియస్ దాకా నిలుపుకుంటుంది. కోబాల్ట్ ఆక్సైడ్ 18 డిగ్రీల దాకా. మిశ్రమంలో అది మైనస్ 160కి దిగజారింది. అయినా పూర్తిగా చచ్చిపోలేదు, అదీ వింత. అయస్కాంత సంభాషణ ఆక్సిజన్ మీదుగా జరుగుతుంది, ఆక్సిజన్ గడులు చెదరలేదు కనుక కబురు దారి తప్పలేదు.

2017లో మిచిగన్ విశ్వవిద్యాలయంలో పీటర్ మైసెన్‌హైమర్, జాన్ హెరాన్ ఈ ఆక్సైడ్‌ను పల్చటి పొరగా పోసి, దాని మీద నికెల్‌–ఇనుము పొర పోశారు. కింది పొర పై పొరలోని అయస్కాంతాన్ని ఒక దిక్కుకు కట్టేసింది. ఈ కట్టుబాటును 1956లోనే అమెరికా జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీ శాస్త్రవేత్తలు కనుక్కున్నారు, హార్డ్‌డిస్కుల్లో అక్షరాలను చదివే తలలు నడిచేది దాని మీదే. కోబాల్ట్ పాళ్లూ రాగి పాళ్లూ మార్చి చూస్తే, మామూలు కోబాల్ట్ ఆక్సైడ్ కంటే దాదాపు పది రెట్ల దాకా గట్టి కట్టు సాధ్యమైంది. అసలు పాళ్లు మారిస్తే కట్టు మారడం వింత. కొట్లో స్క్రూ తిప్పినట్టు గుణాన్ని తిప్పుకోవచ్చన్నమాట. చలిలోనే పనిచేస్తుందన్న మెలిక ఎటూ ఉంది.

స్ఫటికం ఆకృతిని బట్టి దానికి ఏయే విద్యుత్, అయస్కాంత గుణాలు సాధ్యమో, ఏవి అసాధ్యమో గణితంతో తేల్చిన తొలితరంలో మన సూరి భగవంతం ఒకరు. కృష్ణా జిల్లాలో 1909లో పుట్టి, రామన్ దగ్గర పనిచేసి, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చదువు చెప్పి, భారతీయ విజ్ఞాన సంస్థ డైరెక్టరై, రక్షణ మంత్రికి శాస్త్ర సలహాదారూ అయ్యారు. టి. వెంకటరాయుడుతో కలిసి 1948లో గ్రూపుల సిద్ధాంతం మీద రాసిన పుస్తకం ఆంధ్ర విశ్వవిద్యాలయం నుంచే వచ్చింది. 1966లో స్ఫటిక సౌష్ఠవం మీద మరోటి. ఆ లెక్కలకు పంచలోహ ఆక్సైడ్లు కొంటె ప్రశ్న వేస్తున్నాయి. సగటు చూస్తే నికార్సైన ఘనాకారం, దగ్గరికెళ్లి చూస్తే ఒక్క గడీ తిన్నగా ఉండదు. ఏది లెక్కలోకి తీసుకోవాలి? అయస్కాంతం సగటును వింటోంది, శక్తి పొర గడి గడినీ వింటోంది.

వేడి దగ్గర మరో రికార్డు. 2018లో వర్జీనియా విశ్వవిద్యాలయంలో ప్యాట్రిక్ హాప్కిన్స్ బృందం ఈ పొరల్లో ఆరో లోహాన్ని చేర్చి చూసింది. గట్టిదనం తగ్గలేదు, వేడి పారడం మాత్రం సగానికి పడిపోయింది. గట్టిదనాన్ని వేడి పారే గుణంతో భాగిస్తే వచ్చే అంకెలో, అన్ని దిక్కులా ఒకేలా ఉండే స్ఫటికాలన్నిటికంటే ఇవే ముందున్నాయని వాళ్ల మాట.

సరుకు ఎక్కడిది?

ఓక్ రిడ్జ్ పొర జాబితా గుర్తుందా? బేరియం, జిర్కోనియం, తగరం, టైటానియం, హాఫ్నియం, నియోబియం. బేరియానికి ముడిసరుకైన బెరైటీస్ ప్రపంచంలోనే అతి పెద్ద నిక్షేపాల్లో ఒకటి మన కడప వైపు మంగంపేటలో ఉంది. టైటానియానికి ఇల్మెనైట్, జిర్కోనియానికి జిర్కాన్ భీమిలి, కళింగపట్నం తీరాల ఇసుకలో ఉన్నాయి. జిర్కాన్‌లో జిర్కోనియంతో పాటు దాదాపు 2 శాతం హాఫ్నియం అంటిపెట్టుకుని వస్తుంది. రెంటినీ విడదీయడం మహా తలనొప్పి. హైదరాబాద్‌లోని న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్‌కు ఆ తలనొప్పి తప్పదు, ఎందుకంటే హాఫ్నియం న్యూట్రాన్లను జిర్కోనియం కంటే 500 రెట్లకు పైగా మింగేస్తుంది, రియాక్టర్ గొట్టాల్లో అది ఉంటే పని నడవదు. అక్కడ పనికిరాని హాఫ్నియమే డైఎలెక్ట్రిక్ లోకంలో రాజు. స్థిరాంకం ఇసుకలో ఉండే సిలికాన్ ఆక్సైడ్‌కు 3.9 అయితే దీని ఆక్సైడ్‌కు 20 పైచిలుకు. 2007లో ఇంటెల్ చిప్‌ల ట్రాన్సిస్టర్లలోకి అది ప్రవేశించింది. జేబులో స్మార్ట్‌ఫోన్ ఉన్న దాదాపు ప్రతివాడూ హాఫ్నియం పొరలను మోస్తున్నట్టే.

పేటకు ఇంకా దగ్గరగా రావాలంటే రాగి ఉంది. వినుకొండ ప్రాంతంలోని అగ్నిగుండాల ఖనిజపు వలయంలో రాగి, సీసం దొరికాయి. అటు ఒంగోలు పక్కన కొణిజేడు, మర్లపాడు కొండల్లో మ్యాగ్నటైట్ ఉంది. ఇనుము శాతం తక్కువని ఉక్కువాళ్లు పెదవి విరుస్తారుగానీ, మ్యాగ్నటైట్ మానవుడెరిగిన మొదటి అయస్కాంతం, అది కూడా ఆక్సైడే. దాని స్ఫటిక కుటుంబమైన స్పినెల్‌లో ఐదు లోహాలు కూర్చోబెట్టడం 2018లో పోలండ్‌లో జరిగింది. లేనివి మాత్రం లేవు: కోబాల్ట్ మూడింట రెండు వంతులకు పైగా కాంగో నుంచి రావాలి, నియోబియం దాదాపు అంతా బ్రెజిల్ నుంచే.

ఎన్ని మిశ్రమాలు మిగిలాయి?

ఆవర్తన పట్టికలో ఆక్సైడ్‌కు పనికొచ్చే లోహాలు 60 ఉన్నాయనుకుందాం. వాటిలోంచి ఐదింటిని ఏరే దారులు 54,61,512. రోజుకొక పొర పోసినా 15 వేల ఏళ్ల పని, పాళ్లు మార్చకుండానే. చాలావరకు కలవవు, కలిసినవాటిలో చాలావాటికి గొప్ప గుణమేమీ ఉండదు. అందుకే డ్యూక్ విశ్వవిద్యాలయంలో స్టెఫానో కుర్తరోలో లాంటివాళ్లు ఏది కలుస్తుందో ముందే కంప్యూటర్‌లో లెక్కవేసి, పొయ్యి దాకా వెళ్లాల్సినవాటిని వేరుచేస్తున్నారు. పోసి చూసినవి ఇప్పటికి వందల్లోనే ఉంటాయి.